సాయం డబ్బు పేరు చూసుకుని వస్తుంది... పుస్తకంలో మీ పేరుందా?

తుపాను వెలిసిన మర్నాటి నుంచి ఏ ఊరి రచ్చబండ దగ్గర నిలబడినా ఒకటే మాట వినబడుతుంది. ‘ఎకరాకు ఎంత ఇస్తారట?’ అని. టీ కొట్టు దగ్గర ఒకాయన పదివేలంటాడు, ఎరువుల కొట్టు దగ్గర ఇంకొకాయన ఏడువేలంటాడు. రైతు సోదరులారా, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ‘ఆ పొలం మీద సాగుదారుగా ఎవరి పేరు రాసి ఉంది?’ అన్నదే ఆ ప్రశ్న. రేటు ఎంతైనా కానివ్వండి, డబ్బు పేరు చూసుకునే వస్తుంది. పేరు లేకపోతే పొలం మొత్తం మునిగినా పైసా రాదు.

మన డెల్టా సంగతే చూడండి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. సాంబమసూరి కోతకొచ్చిన రోజులవి. కొందరి చేను నిలబడి ఉంది, కొందరిది పనల మీద ఉంది, కొందరిది కుప్పకెక్కింది. రెండేళ్లు తిరక్కుండా 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దక్షిణంగా తీరం తాకింది. అప్పటికి వరి పొట్ట, ఈనిక, పాలుపోసుకునే దశల్లో ఉంది. ఒకసారి గింజ చేతికందే ముందు, ఒకసారి గింజ కట్టే ముందు. దెబ్బ మాత్రం రెండుసార్లూ ఒకరికే, పొలంలో దిగి పనిచేసినవాడికే తగిలింది.

డెల్టా ఊళ్లలో చాలాచోట్ల పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. పంట పోయినా కౌలు బస్తాల మాట పోదు. ఎరువుల కొట్టు బాకీ ఆగదు. అటువంటి కౌలురైతుకు ప్రభుత్వ సాయం నాలుగు రాళ్లయినా మళ్లీ నారు పోసుకోవటానికి ఆసరా అవుతుంది. ఆ నాలుగు రాళ్లే ఇంకొకరి ఖాతాలో పడితే ఆ రైతు గతేమిటి? ఈ వారం ఈ సంగతే వివరంగా చెప్పుకుందాం.

ఇది పరిహారం కాదు, పెట్టుబడి సాయం

ముందు ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం ఇచ్చేదాన్ని మనం నష్టపరిహారం అంటాం గాని, కాగితం మీద దాని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి రాయితీ. పోయిన పంట విలువ కట్టి ఇచ్చేది కాదు. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవటానికి చేసే సాయం మాత్రమే. అందుకే ముప్పై బస్తాల పంట పోయినా చేతికొచ్చేది నాలుగైదు బస్తాల ధరకు మించదు.

ఈ డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నిధి ఇది. మన వంటి రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. తుపాను, వరద, కరువు, వడగళ్లు, చీడల దాడి వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. ఏ నష్టానికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ కొన్నేళ్లకొకసారి రేట్లు నిర్ణయిస్తుంది.

2022 అక్టోబర్‌లో ఇచ్చిన రేట్లు 2022-23 నుంచి 2025-26 వరకు నాలుగేళ్లకు నిర్ణయించినవి. వాటి ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, తోటల వంటి బహువార్షిక పంటలకు రూ.22,500. అంతకు ముందు, 2015 నుంచి ఉన్న రేట్లు ఇవే వరుసలో రూ.6,800, రూ.13,500, రూ.18,000.

హెక్టారు లెక్క మనకు కొరుకుడు పడదు. ఎకరాల్లోకి మార్చి చూద్దాం. హెక్టారంటే 2 ఎకరాల 47 సెంట్లు. కాలువ కింద వరికి కేంద్రం రేటు ఎకరాకు సుమారు రూ.6,880 పడుతుంది. మెట్ట పంటకు రూ.3,440. తోటకు రూ.9,100. మూడెకరాల వరి పూర్తిగా పోయిన రైతుకు సుమారు రూ.20,640 వస్తుంది. ఇప్పుడు మీ దుక్కి, నారు, నాటు కూలి, ఎరువు, పురుగుమందు, కోత ఖర్చు కాగితం మీద వేసుకుని పక్కన పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

కేంద్రం రేటు మీద రాష్ట్రాలు తమ సొంత డబ్బు కలిపి ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబర్ వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు రూ.25,000, అంటే ఎకరాకు పదివేలు ప్రకటించింది. తెలంగాణలో 2023 మార్చిలో వడగళ్ల వానలకు పంటలు పోయినప్పుడు, మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి ఖమ్మం, వరంగల్ వైపు పొలాలు చూసి ఎకరాకు రూ.10,000 ఇస్తామన్నారు. కౌలురైతులకు కూడా అందాలని అప్పుడే చెప్పారు. కాబట్టి రేటు ప్రతిసారీ ఒకటే ఉండదు. ఏ తుపానుకు ఏ రేటో ఆ జీవో చూసి తెలుసుకోవాలి. పోయినసారి వచ్చిన లెక్క పట్టుకుని ఈసారి అప్పు చేయవద్దు.

33 శాతం గీత

పంట కొంచెం దెబ్బతింటే సాయం రాదు. నష్టం 33 శాతం, ఆపైన ఉండాలి. 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. అంటే సగం పంట పోతేగాని జాబితాకు ఎక్కేవారు కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో దాన్ని 33కు తగ్గించారు.

మీ చేను మామూలుగా ఎకరాకు ముప్పై బస్తాలు పండేదనుకోండి. పది బస్తాల వరకు పోయిందని అధికారి అంచనా వేస్తే మీరు గీత దాటినట్టు. ఏడెనిమిది బస్తాలే పోయిందని రాస్తే బయటపడ్డట్టు. అంటే అధికారి వచ్చే రోజున మీరు గట్టు మీద ఉండటం ఎంత ముఖ్యమో చూడండి. నేలవాలిన చేను దూరం నుంచి చూస్తే బాగున్నట్టే కనబడుతుంది. దగ్గరకు తీసుకెళ్లి కంకి ఎత్తి చూపాలి. మొలక వచ్చిన గింజ చూపాలి. తాలు చూపాలి. నీరు ఎన్ని రోజులు నిలిచిందో చెప్పాలి.

ఇంకో గీత విస్తీర్ణానిది. ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే, అంటే దగ్గర దగ్గర అయిదెకరాలకే సాయం. ఎనిమిదెకరాలు కౌలుకు చేసి మొత్తం పోగొట్టుకున్నా కేంద్రం రేటున వరికి రూ.34,000 దాటదు. మరీ చిన్న కమతాలకు మాత్రం ఒక ఊరట ఉంది. లెక్క ఎంత తక్కువ వచ్చినా వర్షాధార పంటకు రూ.1,000, నీటి వసతి పంటకు రూ.2,000, తోటకు రూ.2,500 తగ్గకుండా ఇవ్వాలని 2022 నియమాల్లో ఉంది. పది, పదిహేను సెంట్ల రైతు ‘నాకేం వస్తుందిలే’ అని ఊరుకోవద్దు.

నాట్ల నాడే మొదలయ్యే పని

సాయం పని తుపాను తర్వాత మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది నాట్లు పడిన రోజే మొదలవుతుంది. అధికారి నష్టం రాసేటప్పుడు తెల్ల కాగితం మీద కొత్తగా రాయడు. ఆ సీజన్‌లో జరిగిన ఈ-పంట నమోదు తీసి, అందులో ఉన్న పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం పట్టుకుని పొలానికి వస్తాడు. ఈ-పంటలో లేని పొలం ఆయన లెక్కలో ఖాళీ పొలం కిందే లెక్క.

ఈ నమోదు చేసేది ఊరిలో ఉండే వ్యవసాయ సహాయకుడు. తోటలైతే ఉద్యాన సహాయకుడు. 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన పాత రైతు భరోసా కేంద్రాల్లోనే వీరు దొరుకుతారు. వీఆర్వో కూడా సరిచూడాలి. ఆఖరున రైతు వచ్చి వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేయాలి. చాలామంది ఇక్కడే తప్పిపోతున్నారు. పొలం రాయించుకుంటారు, వేలిముద్ర వేయరు. కోతల హడావుడిలో మరిచిపోతారు. గడువు దాటాక ఎవరూ ఏమీ చేయలేరు. గడువు తేదీ సీజన్‌ను బట్టి మారుతుంది గనుక నాట్లు అయిన వారంలోనే వెళ్లి అడిగి రావటం మంచిది.

నమోదయ్యాక నాలుగు సంగతులు మీ కళ్లతో చూసుకోండి. మొదటిది సర్వే నంబరు, సబ్ డివిజన్ సరిగా ఉందా. రెండోది విస్తీర్ణం సెంట్లతో సహా సరిపోయిందా. మూడోది పంట పేరు. మినుము వేస్తే వరి అని, వరి వేస్తే ఖాళీ అని పడిన సందర్భాలుంటాయి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. సాగుదారు పేరు ఎవరిది?

కౌలురైతు పేరు ఎక్కడుంది?

ఇక అసలు చిక్కు దగ్గరకొద్దాం. ఈ-పంటలో భూమి యజమాని వేరు, సాగుదారు వేరు. సాగుదారు గడిలో కూడా యజమాని పేరే పడితే సాయం ఆయన ఖాతాకే పోతుంది. ఆయన హైదరాబాద్‌లో ఉండవచ్చు, అమెరికాలో ఉండవచ్చు. బురదలో దిగినవాడు మాత్రం ఫోన్‌లో మెసేజ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

దీనికోసమే చట్టాలు వచ్చాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం కింద కౌలురైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. వాటికి యజమాని సంతకం తప్పనిసరి కాదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దీని ప్రకారం యజమాని, కౌలుదారు ఇద్దరూ పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుని సంతకాలు పెడితే సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. ఊళ్లలో సీసీఆర్సీ కార్డు అంటున్నది దీన్నే. పంట రుణం, బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ ఈ కార్డు చూపి అడగవచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. పేచీ సంతకం దగ్గర వస్తోంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకు ఇస్తారేమోనని కౌలురైతుకు భయం. ఈ రెండు భయాల మధ్య పేరు రాయకుండా మిగిలిపోతోంది.

భూమి యజమానులకు ఒక మాట. ఈ పత్రం పంట మీద హక్కుకే. భూమి మీద హక్కు దానివల్ల రాదని ఆ చట్టంలోనే ఉంది. పదకొండు నెలలు దాటితే దాని గడువే తీరిపోతుంది. కౌలు బస్తాలు కొలిపించుకున్న చేత్తోనే మునిగిన పంట సాయం కూడా తీసుకుంటే ఊరు మెచ్చదు, మనసూ మెచ్చదు. మీ పొలం చేసే మనిషి నిలబడితేనే వచ్చే ఏడు మీ కౌలు మీకు వస్తుంది. ఒక సంతకం వల్ల మీకు పోయేదేమీ లేదు.

కౌలురైతులకు ఒక మాట. మాట కౌలు మీద నడిపేవారు కూడా కనీసం ఈ-పంటలో సాగుదారుగా తమ పేరు పడేలా పైరు నాటగానే అడగండి. ఒంటరిగా అడగటానికి మొహమాటమైతే పదిమంది కౌలురైతులు కలిసి వెళ్లండి. విత్తనం, ఎరువు కొన్న బిల్లులు మీ పేరుతోనే రాయించుకుని దాచండి. రేపు వివాదం వస్తే పొలం చేసింది మీరేనని చెప్పటానికి పనికొస్తాయి.

తుపాను వెలిసిన పది రోజులు

నీరు తీయటానికి మురుగు బోదెలు తవ్వుతూనే ఇంకో పని చేయాలి. పొలం ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. గట్టు రాయో, కరెంటు స్తంభమో, బోరు గదో కనబడేలా తీస్తే అది మీ పొలమేనని తెలుస్తుంది. తేదీ పడేలా చూసుకోండి.

నష్టం రాయటానికి వచ్చే బృందంలో వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో ఉంటారు. ఏ రోజు ఏ వైపు వస్తారో ముందే అడిగి తెలుసుకోండి. మీరు ఊళ్లో లేకపోతే ఇంట్లో వాళ్లనైనా పంపండి. నీరు తీయక ముందే వచ్చి వెళితే, నీరు తీశాక పంట స్థితి మారిందని మళ్లీ చూడమని అడగటంలో తప్పు లేదు.

తర్వాత జాబితాను రైతు సేవా కేంద్రంలో సామాజిక తనిఖీ కోసం పెడతారు. రైతులు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే. జాబితా గోడ మీద ఉన్న ఆ నాలుగు రోజులే మీ చేతిలో ఉన్న రోజులు. పేరు లేకపోయినా, విస్తీర్ణం తగ్గినా, చేయనివాడి పేరు ఎక్కినా అప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. నోటిమాట గాలికి పోతుంది. అర్జీ రెండు ప్రతులు రాసి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ పని కాకపోతే మండల వ్యవసాయ అధికారి, తహసీల్దారు, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి.

జాబితా చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10 మాత్రమే.

పొలంలో మూడు అంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు మేట వేస్తే దాన్ని తీయటానికి 2022 రేట్లలో హెక్టారుకు రూ.18,000 విడిగా ఉంది. పాడి గేదె, ఆవు చనిపోతే రూ.37,500 చొప్పున మూడింటి వరకు, ఎద్దు చనిపోతే రూ.32,000, గొర్రె, మేకకు రూ.4,000 ఉంది. పశువును పూడ్చక ముందే పశువైద్యుని పిలిపించి చూపించి పత్రం తీసుకోవాలి. పూడ్చాక పరుగెత్తితే లాభం లేదు.

ప్రకటన వేరు, ఖాతా వేరు

జాబితా పైకి వెళ్లాక జీవో రావాలి, డబ్బు విడుదల కావాలి. ఎంతకాలం పడుతుందో మిచౌంగ్ అనుభవమే చెబుతుంది. తుపాను 2023 డిసెంబర్ 5న వచ్చింది. ఖరీఫ్ కరువుకు, మిచౌంగ్‌కు కలిపి 11.59 లక్షల మంది రైతులకు రూ.1,294.58 కోట్లు విడుదల చేస్తున్నట్టు 2024 మార్చి 6న ప్రకటించారు. ఈలోగా ఎన్నికల నియమావళి వచ్చింది. మే 13 పోలింగ్ ముగిసేదాకా పథకాల డబ్బు జమ చేయవద్దని ఎన్నికల సంఘం చెప్పింది. ఆ పద్దుల్లో ఇన్‌పుట్ సబ్సిడీ కూడా ఉంది. డిసెంబర్‌లో మునిగిన రైతు మే దాకా చూడవలసి వచ్చింది. దాళ్వా పెట్టుబడికి పనికిరావలసిన డబ్బు దాళ్వా కోతలు అయ్యాక కూడా చేతికి రాలేదు. కాబట్టి ఈ డబ్బు రేపో మాపో వస్తుందని నమ్మి నూటికి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు. వస్తే వచ్చినప్పుడు ఆసరా అనుకోండి.

డబ్బు ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆఖరున ఆధార్ అనుసంధానం చేసిన ఖాతాకు వెళుతుంది. ‘నాకు పడలేదు’ అనుకునే కొందరికి మరిచిపోయిన పాత ఖాతాలో పడి ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి మీ ఆధార్ ఏ ఖాతాకు కలిసి ఉందో ఒకసారి అడిగి చూసుకోండి.

బీమా సంగతి విడిగా చూసుకోవాలి. ఇన్‌పుట్ సబ్సిడీ వచ్చింది గదా అని బీమా రాదనుకోవద్దు. రెండూ వేర్వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మొత్తం ప్రీమియం కట్టే పద్ధతి పోయి, 2024-25 రబీ నుంచి రైతు వాటా రైతే కట్టుకునే పద్ధతి వచ్చింది. కట్టనివారికి బీమా ఉండదు. కోసి పనల మీద ఉన్న పంట పద్నాలుగు రోజుల్లోపు తుపానుకు తడిస్తే బీమా కింద చూసే వీలు ఫసల్ బీమా పథకంలో ఉంది. మీ జిల్లా ప్రకటనలో అది ఉందో లేదో ప్రీమియం కట్టేటప్పుడే అడగండి. ఉంటే నష్టం జరిగిన 72 గంటల్లో 14447 నంబరుకు ఫోన్ చేసి చెప్పాలి.

పంట రుణం ఉన్నవారు బ్యాంకులో ఇంకో మాట అడగాలి. 33 శాతం దాటి పంట పోయిన చోట రుణం గడువు పొడిగించే వీలు రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లో ఉంది. ఇప్పుడు ఏ ఆదేశం అమల్లో ఉందో మేనేజరును అడిగి అర్జీ ఇవ్వండి. అడగనివారికి ఎవరూ ఇంటికొచ్చి ఇవ్వరు.

ఇప్పుడు చేయవలసినది

సాయం రేటు పెంచమని ప్రభుత్వాన్ని అడగవలసిందే. పోయిన పంటకు, వచ్చే డబ్బుకు పొంతన లేదన్నది నిజం. సంతకం చిక్కుతో కౌలురైతు మిగిలిపోకుండా చూడవలసిన బాధ్యతా ప్రభుత్వానిదే. రేటు హైదరాబాద్‌లోనో, అమరావతిలోనో, ఢిల్లీలోనో తేలుతుంది. పేరు మాత్రం మన ఊళ్లోనే తేలుతుంది. పాస్‌పుస్తకం లేదా సాగుదారు పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం సంచిలో వేసుకుని ఒక పూట రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ‘ఈ-పంటలో నా పొలం చూపించండి’ అని అడగండి. పేరు, నంబరు, సెంట్లు, పంట చూసుకోండి. తప్పుంటే గడువులోపే దిద్దించుకోండి. వచ్చేటప్పుడు మీ పక్క చేను కౌలురైతుకు కూడా చెప్పి రండి. ఆయనకు ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.